టెక్ సందేహాలు: 4కే కొన్నా తేడా కనపడలేదా?

ప్రశ్న: 43 అంగుళాల పాత ఫుల్ హెచ్‌డీ టీవీ మార్చి అదే సైజులో 4కే తీసుకున్నాం. సోఫా నుంచి టీవీకి 10 అడుగులు. బొమ్మలో తేడా ఏమీ తెలియడం లేదు. టీవీలో లోపమా, కళ్లు చూపించుకోవాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

టీవీ బాగానే ఉంది, మీ కళ్లూ బాగానే ఉన్నాయి. దూరమే ఎక్కువ. కావలి నుంచి మార్కాపురం దాకా ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది.

6/6 చూపు ఉన్న కన్ను డిగ్రీ కోణంలో 60వ వంతు ఎడం ఉంటేనే రెండు చుక్కలను విడివిడిగా చూస్తుంది. 10 అడుగుల దూరంలో ఆ ఎడం దాదాపు 0.9 మిల్లీమీటర్లు. మీ పాత టీవీలో ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని చుక్క) అర మిల్లీమీటరే, కొత్తదాంట్లో పావు మిల్లీమీటరు. పాతవాటినే విడదీయలేని కన్ను కొత్తవాటిని ఎలా చూస్తుంది? ఈ సైజులో తేడా మొదలయ్యేదే ఐదున్నర అడుగుల లోపు. చురుకైన కళ్లకైతే ఇంకాస్త దూరం. షోరూములో తెర ముందు నిలబెట్టి చూపిస్తారు గానీ, ఇంట్లో ఎంత దూరంలో కూర్చుంటారని అడగరు. ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా అమ్మడం అన్యాయం. ఇక కేబుల్లో వచ్చే మామూలు ఛానెల్‌లో బొమ్మకు ఉండేది 576 అడ్డగీతలే. లేని వివరాన్ని ఏ టీవీ తెచ్చిపెట్టలేదు.

కంటికి కనపడని చుక్కల విషయంలో నాకు అసలు టెన్షన్ ఫోన్ ఫోటోలతో. 50 మెగాపిక్సెల్ ఫోటోలో 5 కోట్ల చుక్కలుంటాయి. చాలా ఫోన్ల తెర మీద ఉండేవి 25 లక్షలే. కాబట్టి పంపేముందు మీరు చూసుకున్నా అంతా కనపడదు. రొయ్యల కాటా దగ్గర తీసిన ఫోటోలో ఓ మూల పాస్‌బుక్ తెరిచి ఉంటే, అవతలివాళ్లు జూమ్ చేసి ఖాతా నంబరు చదివేస్తారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గుతుంది. 'క్లియర్‌గా ఉండాలి' అని డాక్యుమెంట్‌గా పంపారా, అన్ని చుక్కలూ వెళ్తాయి, తీసిన చోటు వివరాలతో సహా. కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేయండి. అసలు అది మనం ఆన్ చేస్తే తప్ప పని చేయకూడదు. వెతికి ఆపుకోవాల్సిన పని మనకెందుకు?

ఆధార్ ఫోటో మీద ఫోన్ ఎడిటర్‌లోని మార్కర్ పెన్నుతో గీసి పంపేవాళ్లకూ ఒక మాట. ఆ గీత చాలాసార్లు పూర్తి నలుపు కాదు. వెలుతురు పెంచితే కింద అంకెలు బయటపడతాయి. ఆధార్ సైట్‌లో చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ దొరుకుతుంది, అదే పంపండి.