పాపకి, సర్వర్ కొనేముందు

పాపా,

నిన్న ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినాను, బస్సు మైదుకూరు దాటినాక సగం మాటలు వినపళ్లేదు, అందుకే ఇప్పుడు కడపలో ఇంట్లో తీరిగ్గా కూర్చోని టైప్ చేస్తాండా. మీ విత్తనాల కంపెనీ 14 బ్రాంచీల డేటా రాత్రిపూట ఒకచోటికి తెచ్చే ఈటీఎల్ సాఫ్ట్‌వేర్ పెడతాండారు, దానికి కర్నూలు ఆఫీసులో సర్వర్ ఎంతది కావాల, ర్యామ్ 64 జీబీనా 128 జీబీనా, ప్రాసెసర్ 16 కోర్లా 32 కోర్లా అని కదా నువ్వడిగింది. కొటేషన్ ఇచ్చినాయన మాట పక్కన పెట్టు. ముందు నీ డేటా కొలువు.

ఎట్లంటే, ఒక రాత్రికి ఏ టేబుల్ నుంచి ఎన్ని వరుసలు వస్తాయి, వరుస సుమారు ఎన్ని బైట్లు, ఈ రెండూ రాసుకో. అన్నీ కలిపి 60 లక్షల వరుసలు, వరుసకి 500 బైట్లు అనుకుందాం, 3 జీబీ అయితాది, అంతే. ఆఫీసు నెట్ 100 ఎంబీపీఎస్ ఐతే సెకనుకి 12 ఎంబీ దాకా వస్తాది, మొత్తం నాలుగైదు నిమిషాల్లో లోపలికి వచ్చేస్తాది. కానీ ఈ లెక్క మార్చిలో తీయొద్దు పాపా, మీది విత్తనాల వ్యాపారం, తొలకరికి బిల్లులు ఎన్నింతలు అయితాయో పోయినేడు జూన్ డేటా తీసి చూడు, ఆ నెలలో అన్నిటికంటే జాస్తి వచ్చిన రాత్రికే సర్వర్ సైజు కట్టాల.

ఇంక ర్యామ్ సంగతి. పెండ్లికి గుండిగలు తెచ్చేటోళ్లు మొత్తం ఎంతమంది వస్తారని కాదు, పంక్తికి ఎంతమంది కూర్చుంటారని అడుగుతారు కదా, నువ్వు కూడా అట్లనే ఒకేసారి ఎన్ని జాబులు, అంటే డేటా తెచ్చే పనులు, నడుస్తాయని అడుగు. వరుసలు ఒకటెనక ఒకటి పారిపోతాంటే ర్యామ్ పెద్దగా తినదు. తినేది వేరే టేబుల్లో వెతికి తెచ్చే లుకప్, వరస కట్టే సార్ట్, మొత్తాలు కట్టే అగ్రిగేట్, ఇవి డేటా అంతా పట్టుకోని కూర్చుంటాయి. నీ డీలర్ల టేబుల్, రకాల టేబుల్, పాత బిల్లులు కలిపి లుకప్‌కి 20 లక్షల వరుసలు, వరుసకి 300 బైట్లనుకో, 600 ఎంబీ. టాలెండ్, పెంటాహో లాంటి ఈటీఎల్ సాఫ్ట్‌వేర్లు జావా మీద నడుస్తాయి కాబట్టి మెమరీలోకి పోయేసరికి రెండు మూడింతలయితాది, జాబుకి 2 జీబీ వేసుకో. నాలుగు జాబులు ఒకేసారి ఐతే 8. ఆపరేటింగ్ సిస్టమ్‌కి, ఫైల్ క్యాష్‌కి, జూన్ రద్దీకి కలిపి 32 జీబీ సరిపోతాది. 128 ఎందుకు చెప్పినారో నాకు అర్థం కాలే. 32తో మొదలుపెట్టి కొన్ని ర్యామ్ స్లాట్లు ఖాళీగా ఉంచమను, అన్నిట్లో చిన్న చిన్న స్టిక్కులు కూరితే రేపు పెంచాలంటే ఉన్నవి తీసి పక్కన పెట్టాల్సొస్తాది.

ఇంకోటి, ర్యామ్ కొన్నంత మాత్రాన జాబు వాడుకోదు. టాలెండ్ జాబుకి మామూలుగా హీప్, అంటే జావా వాడుకునే మెమరీ హద్దు, 1024 ఎంబీ అని రాసుంటాది, అది మార్చకపోతే 64 జీబీ మిషన్లో కూడా అవుట్ ఆఫ్ మెమరీ అని పడిపోతాది.

ఇప్పుడు నా తప్పు చెప్తా, ఇది బాగా చదువు. బెంగళూరులో పనిచేసేటప్పుడు ఒక జాబు మూడున్నర గంటలు నడిచేది, సర్వర్ చాలట్లేదని నేనే మేనేజర్‌తో కొట్లాడి కొత్తది కొనిపించినా, లక్షల్లో ఖర్చు. పది నిమిషాలు తగ్గింది. అప్పుడు టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి చూపించింది, జాబు ప్రతి వరుసకీ డేటాబేస్‌కి పోయి డీలర్ పేరు అడిగొస్తాంది అని. పోయి రావడానికి 2 మిల్లీసెకన్లే, కానీ 60 లక్షల సార్లు పోతే 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు. ఎంత పెద్ద సర్వర్ తెచ్చినా ఆ నడక తగ్గదు. డీలర్ల టేబుల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుంటే పావుగంటలో అయిపోయింది. ఆ డబ్బు నా చేత పోయిందని ఇప్పటికీ బాధే. అందుకే కొనకముందు ఇప్పుడున్న ఏదో ఒక పాత మిషన్లో జూన్ డేటాతో జాబు నడిపి, సీపీయూ నిండిందా, డిస్క్ నిండిందా, లేక రెండూ ఖాళీగా కూర్చోని డేటాబేస్ కోసం ఎదురుచూస్తాండాయా చూడు. మూడోది ఐతే సర్వర్ వద్దు, జాబు సరిచేసుకో.

కోర్లు 8 చాలు. లైసెన్స్ కోర్ లెక్కన ఉంటే జాస్తి కోర్లంటే ప్రతి ఏడూ జాస్తి డబ్బు. మీవాళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈటీఎల్ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎస్‌ఐఎస్ అంటే మాత్రం, దాన్ని డేటాబేస్ లేని వేరే మిషన్లో పెట్టినా వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్స్ దానికీ కావాల, కోర్ లెక్కలో ప్రాసెసర్‌కి కనీసం 4 కోర్లకి కట్టాల, ఇది కొటేషన్లో ఉందా లేదా అడుగు. అట్లని డేటాబేస్ ఉన్న మిషన్లోనే పెడితే, ఎస్‌క్యూఎల్ సర్వర్ దొరికిన ర్యామంతా తీసుకుంటా పోతాది, మ్యాక్స్ మెమరీ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని కట్టేసి మిగిలింది ఈటీఎల్‌కి వదలాల.

డిస్క్ దగ్గర పిసినారితనం వద్దు, మెమరీ చాలనప్పుడు సార్ట్ డిస్క్ మీదికే పోతాది, రెండు ఎన్‌విఎంఈలు, అంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీలు, మిర్రర్ చేయించు, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లో కూడా ఉండేటట్టు. రెయిడ్ 5, అంటే మూడు, అంతకన్నా జాస్తి డిస్కులు కలిపి వాడే పద్ధతి, అంటే ఒప్పుకోకు, దాంట్లో చిన్న రైట్ ఒక్కోదానికి డిస్క్ నాలుగు సార్లు పనిచేయాల, మిర్రర్‌లో రెండే.

క్లౌడ్ అడిగినావు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే సర్వర్ల కేంద్రం, ఉంది కాబట్టి దూరం సమస్య లేదు, రాత్రి మూడు గంటలు నడిపి ఆపేసేటట్టయితే చవకే. అయితే ఇంటెల్ మిషన్లలో 8 వీసీపీయూ అంటే నాలుగు కోర్లే అని గుర్తుపెట్టుకో, టీ3 రకం తీసుకోవద్దు, అది ఖాళీగా ఉన్నప్పుడు కూడబెట్టిన క్రెడిట్లతో కాసేపే వేగంగా నడుస్తాది, గంటల తరబడి నడిచే జాబుకి క్రెడిట్లు అయిపోయి స్పీడన్నా పడిపోతాది, బిల్లన్నా పెరుగుతాది. ఐదేళ్ల పాత డేటా ఎక్కించే పని మాత్రం క్లౌడ్‌లో పెద్ద మిషన్ వారం అద్దెకు తీసుకోని చేసేయ్, ఒక్కసారి పనికి పెద్ద సర్వర్ కొనొద్దు.

ఆఫీసులోనే పెడితే కింద అంతస్తులో పెట్టనీయొద్దు పాపా. 2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూల్లోకి ఎట్ల వచ్చినాయో మీ నాయన్ని అడుగు. మేలో బయట 42, 43 ఉంటాది, సర్వర్‌కి లోపలికి పోయే గాలి 27 దాటకూడదు, కాబట్టి ఏసీలు రెండు, మార్చి మార్చి నడిచేటట్టు. యూపీఎస్ ఏసీని మోయదు, కరెంటు పోతే గది ఎంతసేపట్లో వేడెక్కుతాదో ఒకసారి ఆపి చూడండి.

జూన్ లెక్కలు, జాబు నడిపిన లాగ్ ఆదివారం లోపల నాకు పంపు, కలిసి చూద్దాం. అంతవరకు పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పెట్టనీయొద్దు.

మీ చిన్నాయన