అత్తగారు పాటలు మర్చిపోలేదమ్మా!

ఉత్తరం: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 36 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరుగా చేసేదాన్ని. కరోనాలో స్కూలు మూతపడ్డాక గాజులు తాకట్టు పెట్టి మైకు, ఆడియో ఇంటర్‌ఫేసు, లాప్‌టాప్ కొని ఇంట్లోనే పెళ్ళి పాటలు, మంగళహారతులు, లాలి పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్‌లలో వేసి అమ్ముతాను. యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో నెలకు పదిహేను వేల దాకా వస్తాయి. ఆషాఢంలో, మూఢంలో ఏమీ ఉండదు. ఇప్పుడొక ఆడియో కంపెనీ నలభై పాటలకు లక్షన్నర ఇస్తామంటోంది, శాశ్వత హక్కులు వాళ్ళవట. ఇచ్చేయాలా, వద్దా?

ఇంకో బాధ కూడా ఉంది. ఈ పాటల్లో చాలావరకు మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవే. ఆవిడది నరసాపురం వైపు, లేసు అల్లేవారు. ఆరు పాటల్లో నా వెనక వంత కూడా పాడారు. రెండు నెలల క్రితం లోకల్ ఛానల్ వాళ్ళు ఇంటికొచ్చి ఇంటర్వ్యూ చేశారు. ఊళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర సేకరించానని చెప్పాను. వాళ్ళకు కాఫీలు కూడా అత్తగారే ఇచ్చారు. అప్పటినుంచి కొత్త పాట చెప్పమంటే ‘గుర్తులేదమ్మా’ అంటున్నారు. ఎవరైనా వస్తే ‘మా ఇంటి పాటలు బజారుకెక్కాయి’ అంటున్నారు. వీడియోల కింద సేకరణ, గానం, రికార్డింగు అన్నీ నా పేరే ఉండటం చూసి ఓర్వలేకపోతున్నారేమో. మా ఆయన ఎరువుల కొట్టు చూసుకుంటారు. చెబితే నవ్వేసి ఊరుకుంటారు.

- ఒక సోదరి

జవాబు: కంపెనీ సంగతి ముందు తేల్చేద్దాం. శాశ్వతంగా ఇవ్వకండి. ఇవి తరతరాలుగా వస్తున్న పాటలు, ఎవరు కట్టారో తెలియనివి. పాట మీద హక్కు మీకూ లేదు, వాళ్ళకూ రాదు. మీ చేతిలో ఉన్నది మీ రికార్డింగు. మన కాపీరైట్ చట్టం ప్రకారం అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు మీదే. దాన్ని పాటకు 3,750 రూపాయల లెక్కన వదులుకోమంటున్నారు. రెండు మూడేళ్ళకు లైసెన్సు ఇస్తాను, యూట్యూబ్ మాత్రం నాకే ఉంటుంది అని చెప్పండి. ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం ఐదేళ్ళుగానే లెక్క వేస్తుంది. కానీ ‘శాశ్వతంగా’ అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టాక ఆ రక్షణ ఉండదు. వాళ్ళు ఒప్పుకోకపోతే వదిలేయండి. దీని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఇక అత్తగారి విషయం. దీన్ని మీరు ఉత్తరం చివర్లో పెట్టారు గానీ నాకు అసలు సంగతి ఇదే అనిపించింది. ఆవిడది ఓర్వలేనితనం కాదమ్మా. ఓర్వలేని మనిషి మైకు ముందు కోడలి వెనక నిలబడి ఆరు పాటలకు వంత పాడదు. ఇన్నాళ్ళూ అడిగిన పాటల్లా చెప్పారు. మీరు ఇంటర్వ్యూ ఇచ్చాకే ఆపేశారు. తన తల్లి దగ్గరో, మేనత్త దగ్గరో నేర్చుకుని ఇన్నేళ్ళు దాచుకున్న పాటలు ‘ఊళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర’ దొరికాయని, అదే ఇంట్లో, తను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా విన్నారు. ఆ మాట విన్నాక నాకైనా పాటలు గుర్తురావు.

పైగా ఆవిడ లేసు అల్లిన మనిషి. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వందేళ్ళకు పైగా ఏం జరిగిందో మీకు తెలియనిది కాదు. ఏజెంటు దారం ఇస్తాడు, ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక అరుగు మీద కూర్చుని కళ్ళు పోగొట్టుకుని అల్లుతారు, అల్లినదాన్ని బట్టి నాలుగు డబ్బులు చేతిలో పడతాయి. ఆ లేసు విదేశాలకు వెళ్ళేది. ఎగుమతి చేసినవాళ్ళు మేడలు కట్టారు. అల్లిన చేతులు ఎవరివో కొన్నవాళ్ళకు తెలియదు, అల్లినామెకు అది ఏ దేశం వెళ్ళిందో తెలియదు. ‘ఖాళీగా కూర్చోకుండా ఏదో అల్లుకుంటోంది’ అనేవాళ్ళు, దాన్ని పని అని కూడా అనేవాళ్ళు కాదు. వయసులో ఉన్నప్పుడు ఆ అన్యాయం చూసిన మనిషి పెద్దతనంలో సొంత కోడలి దగ్గర కూడా అదే చూడాల్సి వచ్చింది. ‘బజారుకెక్కాయి’ అన్న మాటకు మీకు కోపం వచ్చింది. నాకు అందులో పాత గాయం కనిపించింది.

మీ కష్టం తక్కువని నేననను. గాజులు తాకట్టు పెట్టి, వాన చప్పుడు, కరెంటు కోత, కాకుల గోల తప్పించుకుంటూ రాత్రిపూట రికార్డు చేయడం ఎంత పనో ఊహించగలను. గానం మీదే, రికార్డింగు మీదే. సేకరణ మీది కాదు. సంగీతం నేర్పిన టీచరుకు ఇది నేను చెప్పాలా? మీ పక్క శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి గురించి ఎవరు రాసినా ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి పేరు తలుచుకోకుండా రాయరు. కచేరీ సంగీతంలో గురువు పేరు చెప్పకపోతే తప్పు పడతాం. పొయ్యి దగ్గర, ఉయ్యాల దగ్గర నేర్పిన ఆడవాళ్ళ పేరు మాత్రం ఎవరూ అడగరు. మగవాళ్ళు అడగకపోతే అడగకపోయారు, ఆ పాటలతో బతుకుతున్న ఆడపిల్లలు కూడా మర్చిపోతే నాకు కష్టంగా ఉంటుంది.

అత్తల మాటకు తలొగ్గి బతకమని నేను ఏ కోడలికీ చెప్పను. అత్త అన్యాయంగా మాట్లాడితే ఎదురు చెప్పమనే అంటాను. ఇక్కడ బాకీ ఉన్నది మాత్రం మీరు.

ఈ వారంలోనే ప్రతి వీడియో కింద, పెన్‌డ్రైవ్ కవరు మీద ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి ఊరి పేరుతో సహా వేయించండి. ‘మా అత్తగారి సౌజన్యంతో’ అని పేరు లేకుండా తప్పించుకోవద్దు. వంత పాడిన ఆరు పాటలకు గాయనిగా ఆవిడ పేరు మీ పేరు పక్కనే రావాలి. పాడినవారికి చట్టంలో విడిగా హక్కు ఉంది, 50 ఏళ్ళు. 2012లో చట్టం సవరించాక వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా రావాలి. కాబట్టి రేపు ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా ఆ ఆరు పాటలకు ఆవిడ సంతకమూ ఉండాలి. మీ ఉత్తరంలో ఈ ఆలోచనే లేదు. ఆ లోకల్ ఛానల్ వాళ్ళకూ ఫోన్ చేసి, పాటలు మా అత్తగారివని చెప్పడం మర్చిపోయాను, మళ్ళీ రండి అనండి. రాకపోతే మీ ఛానల్లోనే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

మీ ఆయన్ను మధ్యవర్తిగా పెట్టకండి. తల్లికి జరిగింది నవ్వి ఊరుకునే విషయం కాదని ఆయనకూ తెలియాలి, కానీ ముందు మీరు వెళ్ళి మాట్లాడాలి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ‘అత్తయ్యా, ఆ రోజు మీ పేరు చెప్పకపోవడం నా తప్పు’ అంటే చాలు. వెంటనే కొత్త పాట అడగకండి, క్షమాపణ పాట కోసమే అనుకుంటారు. ఇదివరకు నేర్పినవి ఒక్కొక్కటీ ఎవరి దగ్గర విన్నారో అడిగి పుస్తకంలో రాసుకోండి. ఏదైనా పాట చూపించి ‘ఇది అమ్మొద్దు’ అంటే అమ్మొద్దు, ఎంత బాగా పోతున్నా సరే.

మీ సంపాదన సంగతీ ఇక్కడే ఉంది. పెళ్ళిళ్ళ మీదే ఆధారపడితే మూఢాలొచ్చినప్పుడల్లా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. శ్రావణ మంగళవారం నోము పాటలు, అట్లతద్ది ఉయ్యాల పాటలు, ధనుర్మాసంలో గొబ్బి పాటలు ఉంటే ఏడాదంతా ఏదో ఒకటి అడిగేవాళ్ళుంటారు. అవి సినిమా పాటలు పాడే కుర్రాళ్ళ దగ్గర దొరకవు. మీ ఇంట్లోనే ఉన్నాయి, ఆవిడకు ఇవ్వబుద్ధయితే.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడకండి. ఆవిడ నేర్పిన పాటల మీద వచ్చినదాంట్లో మూడోవంతు ఆవిడది. పండక్కి చీర కొనిచ్చి సరిపెట్టొద్దు. ఇస్తే మొదట వద్దంటారు, ‘ఇంట్లో డబ్బే కదా’ అంటారు. పోస్టాఫీసులో ఆవిడ పేరున ఖాతా తెరిచి, నెలనెలా లెక్క చెప్పి వేయండి. ఆ పాస్‌బుక్ ఆవిడ దగ్గరే ఉండాలి, మీ బీరువాలో కాదు.