తిరునాళ్లలో కొట్లు పెట్టుకునేవాళ్లను ఎలా చూసుకోవాలి?

మీ ఊరి తిరునాళ్ల కమిటీలో కొత్తగా చేరానని, ఏటేటా కొట్లు తగ్గిపోతున్నాయని, ఏం చేస్తే మళ్లీ వస్తారని అడిగారు కదా. నేను కమిటీ మనిషిని కాదు. మా నాన్న పల్నాటి వైపు తిరునాళ్లలో జీళ్లు, ఖర్జూరం అమ్మేవారు. పదేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ఆ బల్ల వెనకే కూర్చున్నాను. అందుకే అమ్మేవాళ్ల వైపు నుంచి చెబుతున్నాను.

ముందు ఆశీలు సంగతి, అంటే కొట్లవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము. చాలా ఊళ్లలో వేలంపాట పెట్టి, ఆ వసూలు హక్కును ఎక్కువ పాడినవాడికి ఇచ్చేస్తారు. కట్టిన డబ్బు అతను ఒక్క రాత్రిలో రాబట్టుకోవాలి. ఇంకెవరి దగ్గర రాబట్టుకుంటాడు? ఒక శివరాత్రికి మా కొట్టు దగ్గరికి ముగ్గురొచ్చారు. ఒకడు స్థలానికన్నాడు, ఇంకొకడు లైటుకన్నాడు. మూడోవాడు డబ్బడగలేదు, "కమిటీవాళ్లం" అని కిలో జీళ్లు పొట్లం కట్టించుకుని పోయాడు. నాన్న నవ్వుతూనే కట్టారు. మరుసటేడు మాత్రం ఆ ఊరి పేరెత్తలేదు. పాట తప్పదంటే అడుగుకింత అని బోర్డు మీద రాయించండి. అచ్చు రసీదు ఇవ్వాలని పాట షరతుల్లోనే పెట్టండి. కమిటీవాళ్లు కూడా కొనుక్కునే తినాలి, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మా సరుకంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నదే. బేరం చీకటి పడ్డాక ఐదారు గంటలే. అందులో ఒక గంట కరెంటు పోతే ఇక మిగిలేది వడ్డీయే. జనరేటరు లైను పందిరికీ మైకుకీ లాగి ఆపేయకండి, కొట్ల వరసకీ ఒకటి లాగించండి.

మీ ఊళ్లో ప్రభలు, అంటే ఎత్తుగా కట్టి అలంకరించి ఊరేగించే చట్రాలు, కడితే, కోటప్పకొండ ప్రభలంత ఎత్తువి కాకపోయినా సరే, అవి వచ్చే దారి పొద్దున్నే సున్నంతో గీయించండి. రాత్రి పదింటికి "ప్రభ వస్తోంది, తియ్యండి తియ్యండి" అంటే కాగే నూనె మూకుడు ఎక్కడికి తీస్తారు? మా పక్క బజ్జీలాయన గుడ్డపీలికలతో మూకుడు రెండు చెవులూ పట్టుకుని జనం మధ్యలోంచి నడిచాడు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. పాతవాళ్లకు పోయినేటి చోటే ఇవ్వండి. చింతచెట్టు కింద జీళ్లు అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు.

అమ్మ తిరునాళ్ల రోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్లు తాగేది కాదు. ఎందుకో నేను వయసుకొచ్చి అక్కడ కూర్చున్నాక అర్థమైంది. కొట్ల వెనక ఆడవాళ్లకొక మరుగుదొడ్డి కట్టించండి. తలుపుకి గడియ, లోపల బల్బు ఉండాలి.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటుంది: చిల్లర. ఫోన్‌పే వచ్చింది కదా అంటారు, అంత జనంలో సిగ్నల్ ఉండదు, స్కాన్ చేస్తే అలా తిరుగుతూనే ఉంటుంది. లెక్కపెట్టిన హుండీ నాణేలను నోట్లకు మార్చి ఇమ్మని గుడివాళ్లను అడగండి. ఒక ఊళ్లో గుడి గుమాస్తా స్టీలు బేసినులో నాణేలు పోసుకుని సాయంత్రం కొట్ల మధ్య తిరిగేవాడు. ఆ ఊరికైతే నాన్న జ్వరమొచ్చినా బయల్దేరేవారు.