ఆట ఫ్రీయే, కార్డు మాత్రం మీ నాన్నది

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ గురించే చెప్పింది. సెలవుల్లో నువ్వూ, నీ హాస్టల్ దోస్తులు ముగ్గురూ కలిసి స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట ఆడతారట, ఆడి ఊరుకోకుండా ఆ కథంతా తెలుగులో చెబుతూ వీడియోలు పెడతారట. "అంతరిక్షంలో కత్తులట, ఏందో ఏమో, నీకే తెలుస్తది, నువ్వే చెప్పు దానికి" అని భారమంతా నా నెత్తిన వేసింది. నాకు నవ్వాగలేదు. నేను అదే ఆట ఆడుతున్న రోజుల్లో "పెళ్లైనదానివి, ఇదేం పాడు అలవాటే" అని తిట్టింది ఈ అమ్మే కదా! ఇప్పుడు కూతురు చేస్తానంటే మాత్రం గొంతులో ఎక్కడో ఒక మురిపెం వినబడింది. నాకూ మురిపెంగానే ఉంది, అబద్ధమెందుకు. భయం కూడా ఉంది. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావని మెయిల్ రాస్తున్నా, కూర్చుని చదువు.

మొదట మంచి సంగతులు. ఈ ఆట 2011 డిసెంబర్‌లో వచ్చింది, అప్పుడు కొనుక్కోవాలి, పైగా నెల నెలా కట్టాలి. జనం తగ్గిపోతుంటే ఏడాది తిరగకుండానే, 2012 నవంబర్‌లో ఫ్రీ చేశారు. నేనూ మీ బాబాయీ చేరింది అప్పుడే. ఫ్రీ అన్నాక చవక సరుకే అనుకున్నా, కానీ కథలో వాళ్లు ఏం తక్కువ చేయలేదు. ఎనిమిది క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఎనిమిదింటికీ వేరు వేరు కథలు, ప్రతి మాటా నటులు పలికిందే. రెండు లక్షలకు పైగా డైలాగులు రికార్డు చేశారని 2012లో గిన్నిస్ వాళ్లు కూడా రాసుకున్నారు. స్టార్ వార్స్ సినిమాలు చూడలేదే అని నీ దోస్తులు బెంగపడక్కర్లేదు, ఇది వాటికి మూడు వేల ఏళ్లకు పైగా ముందు జరిగే కథ.

నన్నడిగితే ఇంపీరియల్ ఏజెంట్ క్లాసు తీసుకో. వీరుడు కాదు, మంత్రశక్తులు లేవు, ఉత్త గూఢచారి. హట్టా అనే మురికి గ్రహం మీద దొంగ పేరుతో దిగుతాడు, అక్కడి నుంచి ఎవరిని నమ్మాలో నీకూ తెలియదు, వాడికీ తెలియదు. ఇంతకు మించి చెప్పను. తెలుగులో ఆ కథ చెప్పగలిగితే ఆట ముట్టనివాళ్లు కూడా వింటారని నా నమ్మకం. జెడై నైట్ అనే కత్తి వీరుడి కథ అందరూ చెబుతారు, నువ్వు దాని జోలికి పోకు.

రిపబ్లిక్ అయినా సామ్రాజ్యమైనా, నలుగురూ ఒకే పక్షంలో ఉండండి, ఒకే సర్వర్‌లో ఉండండి. ఎవరి క్లాసు వాళ్లు వేరుగా తీసుకోండి. అంతే, దీనికి ఇంకేం వివరణ లేదు.

నలుగురితో అసలు మజా ఫ్లాష్‌పాయింట్లలో, అంటే జట్టుగా ఆడే చిన్న కథల్లో ఉంటుంది. మాటల సీన్ వచ్చినప్పుడు ప్రతివాళ్లూ తమ జవాబు ఎంచుకుంటారు, ఆట లోపల పాచికలు వేసి ఒక్కరి జవాబే బయటికి పలికిస్తుంది. సామ్రాజ్యం వైపు మొదటి ఫ్లాష్‌పాయింట్ బ్లాక్ టాలన్, అందులో ఓడ కెప్టెన్‌ని చంపాలా వదలాలా అని అడుగుతారు. నేను వదలమన్నా, మీ బాబాయి చంపమన్నాడు, పాచిక ఆయనకే పడింది. ఆ రాత్రి అన్నం పెట్టలేదు నేను. వీడియోకి ఇలాంటివే కావాలి, మీరు నలుగురూ గొడవపడే ముక్కలు అస్సలు కత్తిరించకండి.

ఇక లోపాలు. ఇంజిన్ పాతది, కొత్త లాప్‌టాప్ మీద కూడా అక్కడక్కడా ముక్కుతుంది, గ్రహం మారితే లోడింగ్ తెర ముందు కూర్చోవాలి, ఎస్ఎస్‌డీలో వేసుకో. యుద్ధమంటే శత్రువును ఎంచుకుని అంకెల మీటలు నొక్కడమే, ఇప్పటి షూటింగ్ ఆటలకు అలవాటుపడ్డ చేతికి చప్పగా ఉంటుంది. 2015లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఫాలెన్ ఎంపైర్ అనే కొత్త భాగం నుంచి వేరు వేరు కథలుండవు, అందరికీ ఒకే కథ నడుస్తుంది, నాకు అక్కడే సగం ప్రాణం పోయింది. 2023లో ఆట తయారుచేసిన బయోవేర్ నుంచి బ్రాడ్‌స్వర్డ్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది, కొత్త కథ చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇవన్నీ ఓర్చుకునేవే.

ఓర్చుకోవడం కష్టమైంది ఒకటుంది. ఫ్రీ వాళ్లకు ఎక్కడికక్కడ చిన్న చిన్న తాళాలు వేసి పెట్టడం. ఆ రోజుల్లో అయితే మరీ అన్యాయం, మీటలు పెట్టుకునే పట్టీలు రెండే ఇచ్చి మిగతావి అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు నయం, 60వ లెవెల్ దాకా ఫ్రీగానే ఆడొచ్చు, ఎనిమిది కథలకీ అది చాలు. కానీ క్రెడిట్లు, అంటే ఆటలోని డబ్బు, పది లక్షలు దాటి నీ దగ్గర ఉండనివ్వరు, నీకు నచ్చిన వస్తువు ఆటలోని సంతలో దానికి మించే ఉంటుంది. పక్కనే కార్టెల్ మార్కెట్, అసలు డబ్బుతో కాయిన్లు కొనుక్కునే దుకాణం. అందులో డబ్బాలు అమ్ముతారు, లోపల ఏముందో కొన్నాకే తెలుస్తుంది. ఇలాంటి డబ్బాలు జూదమేనని 2018లో బెల్జియం వాళ్లు తేల్చేశారు. నువ్వు మాత్రం ఒక్క డబ్బా కూడా ముట్టుకోకు, నీ వీడియోలో తెరిచి చూపించడానికి కూడా వద్దు. చూసే పిల్లల్లో ఎవరి చేతిలో ఎవరి ఫోన్ ఉందో నీకేం తెలుసు?

డబ్బు పెట్టాలనిపిస్తే ఒకే దారి. 60 దాటాలనుకున్న రోజున ఒక్క నెల సబ్‌స్క్రిప్షన్ కట్టు, 14.99 డాలర్లు, మన లెక్కన పన్నెండు వందల పైమాటే. ఆ ఒక్క నెలతో అప్పటిదాకా వచ్చిన ఎక్స్‌పాన్షన్లన్నీ, అంటే తర్వాత కలిపిన కొత్త భాగాలన్నీ, నీకు ఉండిపోతాయి, 80వ లెవెల్ దాకా పోవచ్చు. కట్టిన రోజే రెన్యువల్ ఆపేయి. రేపు ఆపుదాంలే అనకు, ఆ రేపు గుర్తురాదు.

ఇక మీ బాబాయి సంగతి. చెప్పమని ఆయనే అన్నాడు, పక్కనే కూర్చుని టీ తాగుతూ.

2013లో మేం హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయనకు తెల్ల కత్తి మీద మోజు పుట్టింది. లైట్‌సేబర్‌కి, అంటే ఆటలోని వెలుగు కత్తికి, రంగు ఇచ్చే స్ఫటికాల్లో తెల్లది అప్పుడు అపురూపం, సంతలో ధర చూస్తే కళ్లు తిరిగేవి. ఆ నెల సబ్‌స్క్రిప్షన్ ఉంది కాబట్టి క్రెడిట్లకు హద్దు లేదు, కానీ చేతిలో ఉంటే కదా! రోజూ పని నుంచి వచ్చి రెండు గంటలు ఆడితే ఎప్పటికి పోగవుతాయి? అప్పుడే ఆటలో ఎవడో చాట్‌లో అరిచాడు, ఫలానా సైట్‌లో క్రెడిట్లు చవక అని. రోజుకు పదిసార్లు అరుస్తారు అట్లాంటి వాళ్లు, ఇప్పటికీ అరుస్తారు. నేను వంటింట్లో ఉన్నా. ఈయన కార్డు నంబర్ కొట్టేశాడు.

ఆ కార్డు ఏ ఖాతాదో తెలుసా? అప్పుడే మా మామ బత్తాయి తోట కాపు అమ్మి, బోరు మోటార్ కాలిపోతే కొత్తది తేవడానికని డబ్బు ఈయన ఖాతాలో వేసి ఉన్నాడు. ఊళ్లో ఉంటే ఖర్చయిపోతుందని, పట్నంలో కొడుకు దగ్గరైతే భద్రమని.

ఓటీపీ రాలేదు. మీ బాబాయికి అదే అనుమానం రావాల్సింది. విదేశీ సైట్లకు మన ఓటీపీ పట్టింపు లేదు, కార్డు నంబరూ వెనకున్న మూడంకెలూ ఉంటే చాలు. చెప్పినట్టే క్రెడిట్లు ఆటలోని మెయిల్‌కి వచ్చాయి, ఈయన కత్తి కొన్నాడు, నన్ను పిలిచి చూపించాడు, నేనూ బాగుందన్నా. తర్వాత కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున ఫ్రిజ్ మీద పెట్టిన ఫోన్ టింగు టింగుమని మోగుతూనే ఉంది. ప్రకటనలేమోనని ఇద్దరం అటు తిరిగి పడుకున్నాం. లేచి చూస్తే డాలర్ల లెక్కన వరసగా కోతలు, మోటార్ డబ్బులో మిగిలింది తక్కువ. అదే వారం ఆట అకౌంట్ కూడా మూసేశారు. అందులో వాళ్లననేది ఏం లేదు, బయట క్రెడిట్లు కొంటే తీసేస్తామని రూల్స్‌లో ముందే ఉంది. బ్యాంకు వాళ్లు చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు.

ఊరికి పోయి చెప్పడానికి ఈయనకు నోరు రాలేదు, నేనే చెప్పా. మా మామ అరుగు మీద కూర్చుని మచ్చ పడిన కాయలు ఒక పక్కకి వేస్తున్నాడు. అంతా విన్నాడు. కాయ ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఆ కత్తి ఏ రంగు బిడ్డా?" అని అడిగాడు. తెలుపు మామా అన్నా. "తెలుపా," అన్నాడు, "ట్యూబ్‌లైట్ లెక్కనా?" అని మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే మీ బాబాయి ఎప్పుడో మర్చిపోయేవాడు. ఆ ఎండాకాలం పక్క చేనాయన దయతలచి ఇచ్చిన నీళ్లతో సగం తోట బతికింది.

అందుకే కార్డు దగ్గర నాకు ఇంత టెన్షన్. ఇప్పుడు కాలం కొంచెం మంచిగైంది, ఆర్బీఐ 2020లో తెచ్చిన రూల్ వల్ల కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. నీ సబ్‌స్క్రిప్షన్ కట్టేటప్పుడు ఆన్ చేయి, కట్టగానే ఆఫ్ చేయి. మీ నాన్న కార్డుతో మాత్రం కట్టకు, వద్దంటే వద్దు. నీ పేరు మీద వేరే ఖాతా ఉందిగా, అందులో ఆ ఒక్క నెలకి సరిపడేంతే వేసుకో. ఎప్పుడైనా తేడా జరిగితే సిగ్గుపడి దాచకు, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే, తప్పు నీదీ బ్యాంకుదీ కానప్పుడు, నష్టం నీ మీద పడదని 2017 నుంచి రూల్ ఉంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కూడా ఫోన్ చెయ్యి. అప్పుడు మాకు ఆ రూలూ లేదు, ఆ నంబరూ లేదు. ఆట అకౌంట్‌కి సెక్యూరిటీ కీ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు అడిగే మారే కోడ్, మొదటి రోజే పెట్టుకో.

రాత్రుల సంగతి కూడా. యూరప్ సర్వర్లలో రాత్రి ఎనిమిదికి గిల్డ్ వాళ్లు, అంటే ఆటలోని సంఘం వాళ్లు, ఆపరేషన్ అనే పెద్ద జట్టు పోరుకి రమ్మంటే మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, వాళ్ల ఎండాకాలంలో అయితే పదకొండున్నర. అమెరికా తూర్పు తీరం వాళ్ల రాత్రి ఎనిమిది మనకు తెల్లవారి ఐదున్నరో ఆరున్నరో. నల్గొండ నుంచి ఏ సర్వరూ దగ్గర కాదు, నాకైతే యూరప్‌లో ఇంగ్లిష్ వాళ్లుండే డార్త్ మాల్గసే కాస్త నయంగా నడిచింది. రాత్రి లేవమని అడిగే గిల్డ్ నీకొద్దు. మీకు నలుగురున్నారు, మీ పగలు మీకు చాలు. నీ గదిలో లైటు వెలుగుతుంటే మీ అమ్మ నిద్రపోదు, నాకు తెలుసు, చిన్నప్పుడు నా గది ముందు కూడా అట్లాగే తచ్చాడేది.

ఇంకొకటి, ఆడపిల్లవి కాబట్టి చెబుతున్నా, కోపం తెచ్చుకోకు. వాయిస్ చాట్‌లో గొంతు వినగానే కొందరు వస్తువులు ఉత్తగా ఇవ్వడం మొదలుపెడతారు. తీసుకోకు. తర్వాత ఫోటో అడుగుతారు, ఊరు అడుగుతారు, ఇవ్వకపోతే ఇచ్చిన వస్తువు లెక్క చెబుతారు. నా వెంట ఒకడు అట్లాగే పడ్డాడు, ఇగ్నోర్ మీట నొక్కి పడేశా, మళ్లీ కనబడలేదు. భయపడి ఆట మానెయ్యడం మాత్రం చెయ్యకు. వీడియోల్లో కాలేజీ పేరు, హాస్టల్ పేరు, కిటికీలోంచి కనబడే వీధి, ఇవేవీ రానివ్వకు. కింద చెత్త కామెంట్లు వస్తాయి, అవి చదివే పని నీ దోస్తుల్లో ఎవరో గట్టి గుండె పిల్లకి అప్పజెప్పు.

డౌన్‌లోడ్ పదుల జీబీలుంటుంది, మొబైల్ డేటాతో మొదలుపెట్టకు. కరెంటు పోతే రికార్డింగ్ పోతుంది, పాత యూపీఎస్ మా అటక మీద ఉంది, మీ బాబాయి పాలమూరు నుంచి వచ్చేటప్పుడు తెస్తాడు. బ్యాటరీ నువ్వే మార్పించుకో.

బ్లాక్ టాలన్‌కి మీలో ఎవరైనా రాలేకపోతే నాకు మెసేజ్ పెట్టు. జట్టుకి గాయాలు మాన్పే నా హీలర్ పాత్ర ఇంకా ఉంది, ఆదివారం పొద్దున వంటయ్యాక ఖాళీయే. బాబాయి కూడా వస్తానంటున్నాడు, ఆయన్ని పిలవకు, కెప్టెన్‌ని మళ్లీ చంపేస్తాడు.

మీ చిన్నమ్మ