గజ్జ స్కాన్ పడుకోబెట్టి మాత్రమే చేశారా?

దగ్గితే గజ్జలో ఉబ్బు వస్తోంది, పడుకుంటే పోతోంది, అల్ట్రాసౌండ్‌లో మాత్రం అంతా నార్మల్ అన్నారు, మరి ఈ నొప్పేంటి అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే జరిగింది, చివరికి అది హెర్నియా (పొట్ట గోడలో బలహీనమైన చోటు నుంచి లోపలి కొవ్వో పేగో బయటికి జారడం) అని తేలింది. ముందు ఒక్క విషయం గుర్తు చేసుకోండి: మీ స్కాన్ పడుకోబెట్టి మాత్రమే చేశారా, నిలబెట్టి కూడా చూశారా?

నా మొదటి స్కాన్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. పడుకున్నాను, జెల్ రాశారు, ప్రోబ్ అటూ ఇటూ తిప్పారు, లేవమన్నారు. నేను కూడా సిగ్గుపడి, 'ఇక్కడే ఎక్కడో' అని చెయ్యి ఊపి ఊరుకున్నాను. బరువెత్తినప్పుడే లాగుతుందని, సాయంత్రానికి ఉబ్బు పెరుగుతుందని చెప్పనే లేదు. రిపోర్టు నార్మల్ అని ఉంది కదా అని నాలుగు నెలలు ఆ నొప్పితోనే నెట్టుకొచ్చాను. ఆ నాలుగు నెలల టెన్షన్ మీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

తర్వాత ఒక సర్జన్ చేత్తో పరీక్ష చేసి, 'నిలబెట్టి, ముక్కించి చూడాలి' అని రాసి మళ్లీ స్కాన్‌కి పంపారు. ఈసారి రేడియాలజిస్ట్ ప్రోబ్ పట్టుకోకముందే, 'ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండి' అన్నారు. సిగ్గు పక్కనపెట్టి చూపించాను. మణికట్టు వెనకభాగం నోటికి ఆనించుకుని, గాలి బయటికి పోకుండా గట్టిగా ఊదమన్నారు. స్క్రీన్ నా వైపు తిప్పారు. ఊదిన ప్రతిసారీ బూడిదరంగు ముద్ద ఒకటి జారుకుంటూ వచ్చింది, ఊదడం ఆపగానే వెనక్కి పోయింది. పడుకుని కదలకుండా ఉన్నప్పుడు అక్కడ ఏమీ లేదు!

ఆ ముద్ద పక్కనే చిన్న చుక్క ఒకటి టక్ టక్ మని కొట్టుకుంటోంది. అది పొట్ట గోడలో పైకి వెళ్లే రక్తనాళమట. ముద్ద దానికి బయటివైపు, అంటే తుంటి వైపు నుంచి వస్తే ఇన్‌డైరెక్ట్ హెర్నియా, లోపలివైపు, అంటే ఒంటి మధ్య వైపు నుంచి వస్తే డైరెక్ట్. నాది మొదటి రకం. జారింది పేగు కాదు, కొవ్వు. అదే గజ్జ మడతకు కింద, తొడలోని పెద్ద సిర పక్కన ఉబ్బితే ఫెమోరల్ హెర్నియా. అది మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ, ఇరుక్కుపోయే ప్రమాదమూ ఎక్కువ కాబట్టి దాన్ని నాన్చకూడదు.

అయితే గజ్జలో ఉబ్బు కనిపించిందల్లా హెర్నియా కాదు. మా అన్నయ్యకి అక్కడ బిళ్ళ కట్టింది. స్కాన్‌లో చిక్కుడు గింజలా ఉంది, మధ్యలో తెల్లటి కొవ్వు స్పష్టంగా కనిపించింది. కాలి వేళ్ల సందులో పుండే కారణం. అది మానాక బిళ్ళా తగ్గింది. బిళ్ళ గుండ్రంగా ఉబ్బి, మధ్యలోని ఆ తెలుపు పోతే మాత్రం సూది పరీక్ష చేయిస్తారు. తొడ పైభాగంలో సిర ఉబ్బినా, హెర్నియాలాగే దగ్గితే పెద్దదై పడుకుంటే పోతుంది. రక్తం పారే తీరును రంగుల్లో చూపించే కలర్ డాప్లర్ పెడితే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. గజ్జ నుంచి గొట్టం వేసి యాంజియోగ్రామ్ చేయించుకున్న వాళ్లకి అక్కడ కొట్టుకునే గడ్డ వస్తే ధమని కారుతుండొచ్చు. దానికీ డాప్లరే.

నిలబెట్టి, ముక్కించి చూసినా ఏమీ దొరకకపోతే తుంటి కీలు లోపలి సమస్యో, పొత్తికడుపు కింద ముందుభాగంలో రెండు కటి ఎముకలు కలిసే చోట వాపో అయ్యుండొచ్చు. ఎముక వెనక ఏముందో చూపించడం అల్ట్రాసౌండ్ వల్ల కాదు, వాటికి ఎమ్మారై రాస్తారు. ముఖ్యంగా పరుగెత్తేవాళ్లు, బంతాట ఆడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా ఉండిపోయినా, దాంతో వాంతులు వచ్చినా, చర్మం ఎర్రబడినా స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా అంతే, అక్కడ గంటలే లెక్క.

ఇవేవీ లేకపోతే మీ డాక్టరు గారిని అడిగి, నిలబెట్టి, ముక్కించి చూడాలని చీటీలో రాయించుకోండి. ఉబ్బు బాగా కనిపించే వేళకే స్కాన్‌కి వెళ్లండి, నాకైతే అది సాయంత్రం. ఇంట్లో ఉబ్బు వచ్చినప్పుడు ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. స్కాన్ గదిలో ముందుగా ఆ గుర్తే చూపించండి.