సాయిబు చేను: 1948లో మా ఊళ్ళో ఏం జరిగిందంటే

మీరు అడిగింది ఇది: "పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో వేలాది మంది ముస్లింలను చంపారని ఈమధ్యే చదివాను. నిజమేనా? నిజమైతే మన ఇళ్ళల్లో ఎవరూ ఎందుకు మాట్లాడరు? మా అమ్మమ్మకు 89 ఏళ్ళు. ఆమెను అడగవచ్చా?"

నిజమే. అడగండి. నేను మా నాయినమ్మను అడగడానికి చాలా ఆలస్యం చేశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మాది జహీరాబాద్ వైపు ఒక పల్లె. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1956 దాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నల్లరేగడి నేల, జొన్న, కంది, ఇప్పుడైతే చెరుకు, అల్లం. సోలాపూర్ రోడ్డు మా ఊరికి నడిచిపోయేంత దూరం. పోలీస్ యాక్షన్ పేరుతో 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టినప్పుడు పెద్ద దళం వచ్చింది ఆ దారినే. నల్దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. మా నాయినమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. "జొన్నచేన్ల కూసొని చూసినం బిడ్డా. అవి ట్యాంకులని మాకేం ఎరుక, ఇనుప ఏనుగులు అనుకున్నం" అనేది. ఈ ముక్క మాత్రం మా చిన్నప్పుడు వందసార్లు చెప్పింది. దాని తర్వాత ఏం జరిగిందో మాత్రం నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా చెప్పలేదు.

మా పొలాల్లో ఒక చేను పేరు సాయిబు చేను. నాలుగెకరాలు. దాని ఒడ్డున పాత మోట బావి ఉండేది. మిగతా బావుల్లో పిల్లలం ఈతలు కొట్టేవాళ్ళం, ఆ బావి దగ్గరికి పోతే వీపు విమానం మోత మోగేది. దాని నీళ్ళు ఎవరూ తాగేవారు కాదు, ఎడ్లకు కూడా తాపేవారు కాదు. పాములు ఉన్నాయని చెప్పేవారు. తర్వాత దాన్ని ట్రాక్టర్లతో మట్టి పోసి పూడ్చేశారు. "ఎవరు బాపూ ఈ సాయిబు?" అని ఒకసారి అడిగితే "ఎవరో, పాతకాలం మాట" అన్నాడు మా నాన్న. నేనూ ఊరుకున్నాను. ఊరి పొలాలకు ఇలాంటి పేర్లు బోలెడు ఉంటాయి కదా, ఎవరు పట్టించుకుంటారు?

ఇంకొకటి కూడా ఉండేది. పీర్ల పండుగ మా ఊళ్ళో ఇప్పటికీ జరుగుతుంది. పీర్లను ఎత్తుకునేదీ, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడేదీ అందరూ హిందువులే, ఊళ్ళో ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేదు. ఆ పండుగకు మా నాయినమ్మ మలీద ముద్దలు చేసేది. రొట్టెలు నలిపి, బెల్లం వేసి, సోంపు వేసి. అందరికీ పంచాక ఒక ముద్దను మోదుగాకులో చుట్టి పక్కన పెట్టేది. తెల్లారి చేనుకు పోయేటప్పుడు దాన్ని తీసుకెళ్ళి ఆ బావి గడ్డ మీద పెట్టి వచ్చేది. బావి పూడ్చేశాక కూడా అదే చోట పెట్టేది. చీమలకు పెడుతున్నదనుకునేవాణ్ణి.

భూమి కాగితాల పని పడి తహసీల్ ఆఫీసులో పాత పహాణీ (భూమి రికార్డు) నకళ్ళు తీయించినప్పుడు నాకు మొదటిసారి విషయం తగిలింది. మన వైపు భూముల సంగతి తెలిసినవాళ్ళకు ఖాస్రా పహాణీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1954-55 నాటిది, దానికి మించిన మూలం లేదంటారు. అందులో ఆ నాలుగెకరాల సర్వే నంబరుకు పట్టాదారు (హక్కుదారు) గడిలో ఒక ముస్లిం పేరు ఉంది. కబ్జాదారు (సాగులో ఉన్న మనిషి) గడిలో మా తాత పేరు ఉంది. ఆ రెండు గడులూ పక్కపక్కనే. కొన్న కాగితం ఏదీ మా ఇంట్లో లేదు. నేను ఆ నకలు పట్టుకుని ఆ సాయంత్రమే ఊరికి పోయాను. నాయినమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పేరు చదివి వినిపించాను.

ఆమె ముందు ఏమీ అనలేదు. కాసేపటికి "ఆయన పేరు నీకెట్ల తెలిసె?" అని అడిగింది.

ఆ రాత్రీ, తర్వాత నాలుగైదుసార్లూ కూర్చుని చెప్పింది. ఊళ్ళో అప్పుడు పది పన్నెండు ముస్లిం ఇళ్ళు. ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు చిన్న నౌకరీదార్లు, మిగతావాళ్ళు దూది ఏకేవాళ్ళు. ఏకే ఇళ్ళల్లో ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవారట. సాయిబు చేను వాళ్ళలో ఒకాయనదే. ఆయన భార్య మా నాయినమ్మ కనబడితే దేవుడి దగ్గర వత్తులు చేసుకొమ్మని పిడికెడు దూది కొంగులో పోసేదట. ఆ ఇంటి నుంచి ఏకుబద్ద చప్పుడు పొద్దున్నే వినబడేదని నోటితో చేసి చూపించింది. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు ఆమెకు అంత స్పష్టంగా గుర్తుంది.

నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్ల సంగతి కూడా దాచలేదు. రజాకార్లు మా ఊరి మీద రెండుసార్లు పడ్డారు. ధాన్యం ఎత్తుకుపోయారు, మగవాళ్ళను చావగొట్టారు. ఆడపిల్లలను రాత్రిళ్ళు చేలల్లో పండబెట్టేవారు. మా ఊరి ముస్లింలలో కూడా ఇద్దరు కుర్రాళ్ళు ఖాకీ బట్టలు వేసుకుని వాళ్ళ వెంట తిరిగారు. కాబట్టి సైన్యం రాగానే ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ సంతోషం నిజమైనదే.

తర్వాతి వారం పక్క ఊళ్ళ నుంచి గుంపు వచ్చింది. "ఆ ఇద్దరు ముందటి రాత్రే ఉడాయించిన్రు బిడ్డా. ఏ పాపం ఎరగనోళ్ళు దొరికిన్రు" అంది. మగవాళ్ళను చేను దగ్గరికి తీసుకుపోయారు. దూది పోసే ఆమె చంటిపిల్లతో ఆ బావిలోనే దూకింది. దర్జీని మాత్రం మా నాయినమ్మ వాళ్ళ నాన్న తొమ్మిది రాత్రులు ఇంట్లో గుమ్మిలో (ధాన్యం పోసే పెద్ద బుట్టలో) దాచి, తర్వాత బండిలో సొప్ప కింద పెట్టి రోడ్డు దాకా చేర్చాడు. ఆయన హైదరాబాద్ పోయాడని విన్నారు, మళ్ళీ ఎన్నడూ రాలేదు.

"గుంపుల మన ఊరోళ్ళు లేరా నాయినమ్మా?" అని అడిగాను.

చాలాసేపు చెంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. "దారి చూపించినోళ్ళు మనోళ్ళే" అంది.

దాచినవాళ్ళూ మనవాళ్ళే, దారి చూపించినవాళ్ళూ మనవాళ్ళే. తర్వాత ఆ భూములు దున్నుకున్నవాళ్ళూ మనవాళ్ళే, అందులో మా తాత ఒకడు. మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే. మన ఇళ్ళల్లో ఎవరూ దీన్ని మరిచిపోలేదు. చెబితే చుట్టాల పేర్లు చెప్పాలి, సర్వే నంబర్లు చెప్పాలి. అందుకే నోరు విప్పలేదు. మా నాన్న నా మీద కోపం చేసుకున్నాడు, "ఇప్పుడెందుకురా ఆ ముచ్చట" అని వారం రోజులు మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. తన తండ్రి పేరు ఆ గడిలో చూడటం ఆయనకు కష్టంగా ఉంది.

ఇది ఒక ముసలామె మాట మాత్రమే కదా అంటారేమో. నెహ్రూ ప్రభుత్వమే ఒక బృందాన్ని పంపింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 వరకు సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని లెక్క వేశారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఈ నాలుగింటిలోనే 18 వేలకు తక్కువ కాదన్నారు. మన తెలుగు జిల్లాల్లో నల్గొండ, మెదక్ ఆ తర్వాతి వరసలో ఉన్నాయి. శవాలతో నిండి ఇంకా కుళ్ళుతున్న బావులను వాళ్ళు కళ్ళారా చూశారు. ఒక బావిలో 11 శవాలు లెక్కపెట్టారు, అందులో ఒక తల్లి రొమ్మును కరుచుకుని పసిబిడ్డ ఉంది. ఆ వాక్యం చదివిన రోజు నేను పుస్తకం మూసేసి బయటికి పోయాను. మా బావి కాదని నాకు తెలుసు, అయినా.

కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా ఇందులో పాలుపంచుకున్నారని ఆ నివేదిక రాసింది. సర్దార్ పటేల్ దాన్ని ఒప్పుకోలేదు. ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ మ్యూజియంలో చూడటానికి వీలు కాలేదు. అదే నివేదికలో ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న హిందూ నేతగాళ్ళ సంగతి కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు మా ముత్తాత గుమ్మి గుర్తొచ్చింది.

ఇక్కడ కొందరు వెంటనే "మరి భైరాన్‌పల్లి సంగతేమిటి?" అని అడుగుతారు. అడగాల్సిందే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఆ ఊరి మీద పడి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చి చంపారు. ఊరి బురుజు ఇప్పటికీ ఉంది, స్తూపం ఉంది. నేను పోయి ఆ పేర్ల ముందు నిలబడ్డాను. అదే ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు చంపిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు చంపారు. వీళ్ళను తలుచుకుంటే దూది ఏకే ఆయనకు తక్కువ చేసినట్టు కాదు. ఆయన్ను తలుచుకుంటే వీళ్ళకూ తక్కువ కాదు. కాకపోతే భైరాన్‌పల్లిలో పేర్లు రాతి మీద ఉన్నాయి. మా ఊరి వాళ్ళ పేర్లలో నాకు దొరికింది ఒక్కటే, అదీ పహాణీలో ఉండబట్టి. చంటిపిల్లతో దూకిన ఆమె పేరు నాయినమ్మకు కూడా గుర్తులేదు. "పింజారామె" (దూది ఏకే ఇంటి ఆమె) అనే పిలిచేవాళ్ళమంది. ప్రతి సెప్టెంబర్ 17కీ విమోచనమా, విలీనమా, విద్రోహమా అని టీవీల్లో కొట్లాడుకుంటుంటే నాకు ఆ పేరు లేని మనిషే గుర్తుకొస్తుంది.

నాయినమ్మ 2014లో పోయింది. ఇప్పుడు పీర్ల పండుగకు ఆ ముద్ద నా భార్య కడుతుంది, నేను తీసుకెళ్ళి పెడతాను. మా నాన్న రెండేళ్ళ కింద మొదటిసారి నా వెంట వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మీ అమ్మమ్మను అడగండి కానీ, "ముస్లింలను చంపారట కదా" అని మొదలుపెట్టకండి. టెన్షన్ పడి మాట మారుస్తుంది. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసేటట్టయితే చెప్పి చేయండి. రజాకార్ల గురించి చెబుతానంటే అది కూడా పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో అడ్డు తగలకండి. తర్వాత మీ పొలాల పేర్లు ఒక్కొక్కటీ అడగండి. ఊళ్ళో మసీదు గోడ ఎక్కడైనా మిగిలి ఉంటే దాని చుట్టుపక్కల ఎవరుండేవారో అడగండి. అప్పటికీ చెప్పకపోతే బావుల సంగతి తీయండి. వాళ్ళ చిన్నప్పుడు ఏ బావి నీళ్ళు తాగేవారు కాదో అడగండి.