తమ్ముణ్ణి సంఘం ముందు నిలబెట్టాలా?

ప్రశ్న: వందనాలండీ. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా క్రైస్తవ సంఘంలో 60 కుటుంబాల దాకా ఉంటాం. నా వయసు 56, కమిటీ మెంబర్‌ని. మా తమ్ముడు సంఘానికి ట్రెజరర్. మందిరానికి శ్లాబు పడిందన్నా, మైక్ సెట్టు వచ్చిందన్నా వాడి చలవే. కానీ ఇంట్లో భార్యను కొడతాడు. ఈ ఏడాదిలో మా మరదలు రెండుసార్లు రాత్రిపూట మా ఇంటికి వచ్చేసింది. రెండోసారి మోచేయి వాచిపోయి ఉంది. తాగుడు కూడా ఉంది, ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనం (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేటప్పుడు ప్లేటు పట్టుకుని వరసల్లో తిరిగేది వాడే. మరదలు నాలుగు నెలలుగా బల్ల తీసుకోవడం లేదు. ఆమె ఏం పాపం చేసిందోనని ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. పాస్టర్ గారికి చెబితే ‘తీర్పు తీర్చకుడి అన్నారు కదా ప్రభువు, ప్రార్థన చేద్దాం’ అన్నారు. ఇదే సంఘం రెండేళ్ల క్రితం వేరే మతం అబ్బాయిని చేసుకుందని ఒక అమ్మాయిని వారం తిరక్కుండా వెలివేసింది. మరదలేమో ‘క్షమించేశాను బావగారూ, వదిలేయండి’ అంటోంది. మీరు నోరు విప్పకపోతే నేనూ బల్ల తీసుకోనని నా భార్య పట్టుబట్టింది. ఇంటి పరువు తీయొద్దని మా అమ్మ ఏడుస్తోంది. తమ్ముణ్ణి సంఘంలో నిలబెట్టాలా? సంఘం చీలిపోతే ఆ పాపం నాదేనా?

జవాబు: అయ్యా, వందనాలు.

మీ సంఘంలో క్రమశిక్షణ లేదని మీరు బాధపడుతున్నారు. ఉందండీ. నాలుగు నెలలుగా అమలవుతూనే ఉంది, దెబ్బలు తిన్న మనిషి మీద. కొట్టిన చేయి రొట్టె పళ్లెం పట్టుకుని ఆమె వరసలోకి వస్తోంది. ఆమె ముట్టకుండా పక్కవాళ్లకి అందించేస్తోంది. గుసగుసలు కూడా ఆమె మీదే. మీరు నోరు విప్పితే కొత్తగా ఎవరినో శిక్షించినట్టవుతుందని భయపడకండి. తప్పు చేయని మనిషి మీద పడిన శిక్ష అక్కడితో ఆగుతుంది.

అయితే తమ్ముణ్ణి నిలబెట్టడం దగ్గర మొదలుపెట్టొద్దు. మరదలు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది ముందు తేల్చండి. మీరు తమ్ముడితో మాట్లాడిన మరుక్షణం అతనికి వచ్చే మొదటి ఆలోచన ‘ఇదే పోయి చెప్పింది’ అని. ఆ కోపం ఎవరి మీద తీరుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఆమె, పిల్లలు మీ ఇంట్లోనో పుట్టింట్లోనో ఉన్నాకే మీరు నోరు విప్పాలి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, ఉన్న నాలుగు బంగారపు వస్తువులు ఆమెతోనే రావాలి. చేతికి ఇంకా నొప్పి ఉంటే గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించి, దెబ్బ ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు రాయించండి. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని రాయిస్తే ఆ కాగితం రేపు ఆమెకే అడ్డం తిరుగుతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. 2005 నాటి గృహహింస చట్టం మతంతో సంబంధం లేకుండా అందరు ఆడవాళ్లకూ వర్తిస్తుంది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకు ఇస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. దారి ఉందన్న సంగతి మాత్రం ఆమెకు తెలియాలి. సంఘం విచారణ చేస్తోంది కదా, పోలీసుల దాకా ఎందుకని ఎవరైనా అంటే ఆ మాట మీ గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి.

బైబిల్లో మత్తయి 18వ అధ్యాయం మన సంఘాల్లో అందరికీ నోటికి వస్తుంది. తప్పు చేసినవాడికి ముందు ఒంటరిగా చెప్పాలి, తర్వాత ఇద్దరు ముగ్గురితో వెళ్లి, ఆ తర్వాత సంఘానికి. మంచి క్రమం. కానీ దాన్ని పట్టుకుని ‘అమ్మా, ముందు నువ్వే ఒంటరిగా వెళ్లి ఆయనతో మాట్లాడుకో’ అని కొట్టించుకున్న భార్యను అదే గదిలోకి తిరిగి పంపే పెద్దలు కొందరున్నారు. నాకు ఒళ్లు మండే విషయం ఇది. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు తప్పించుకుని ఆ రాత్రే పారిపోయాడు. తర్వాత సౌలే తన చేతికి చిక్కినప్పుడు కూడా దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. పగ లేదు, అలాగని ఈటెకు ఎదురుగా కూర్చోనూ లేదు. ఓర్చుకో అని మీ మరదలికి చెప్పేవాళ్లకు మొదటి సమూయేలు 19వ అధ్యాయం చదివి వినిపించండి.

ఆ ఒంటరిగా వెళ్లే పని మీది. పొద్దున్నే, అతను తాగి లేనప్పుడు, పొలం గట్టు మీదో మీ ఇంటి అరుగు మీదో కూర్చోబెట్టండి. ‘మీ ఇద్దరికీ ఏదో గొడవలట’ అని మొదలుపెట్టారో, సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. ‘నువ్వు ఆమెను కొట్టావు. మోచేయి వాచింది, నేను చూశాను’ అనండి. ఎదురు మాట్లాడింది అంటాడు, మందు మీద ఉన్నాను అంటాడు. చివరికి ‘నువ్వెప్పుడూ వదిన మీద చెయ్యి చేసుకోలేదా?’ అంటాడు. చేసుకుని ఉంటే ఒప్పుకోండి, దాచొద్దు. గలతీ పత్రిక 6వ అధ్యాయంలో తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనస్సుతో మంచిదారికి తెమ్మన్నచోటే, నిన్ను నువ్వు చూసుకుంటూ ఆ పని చెయ్యమని కూడా ఉంది. ఆ తర్వాత అడగాల్సింది అడగండి: ట్రెజరర్ పని వదిలెయ్, వచ్చే మొదటి ఆదివారం ప్లేటు పట్టుకోవద్దు, తాగుడు మానడానికి డాక్టర్ దగ్గరికి నాతో రా, ఆమె ఎప్పుడు వస్తానంటే అప్పుడే, అప్పటిదాకా బలవంతం చేయొద్దు.

అతను ఒప్పుకుని నిజంగానే కదిలితే సగం పని అయినట్టే. ఒప్పుకోకపోతే రెండోసారి ఇంకో ఇద్దరితో వెళ్లండి. వాళ్లలో ఒకరు స్త్రీల సమాజంలో మాటకు విలువున్న పెద్దావిడ అయితే మంచిది, ఎందుకంటే మగవాళ్లం మాత్రమే కూర్చుంటే ఇది అరగంటలో రాజీ పంచాయితీగా మారిపోతుంది. కమిటీ ముందుకు వచ్చేసరికి మీరు చూసింది చూసినట్టు చెప్పి బయటకు వచ్చేయండి. అన్నగా తీర్మానంలో చెయ్యెత్తొద్దు. కనికరించినా పక్షపాతం అంటారు, కఠినంగా ఉన్నా ఆస్తి తగాదా అంటారు.

ఇక పాస్టర్ గారి మాట. తీర్పు తీర్చకుడి అన్న మత్తయి 7వ అధ్యాయంలోనే ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అని ఉంది. నలుసు వదిలెయ్యమని లేదు. వెలుపలివారికి తీర్పు తీర్చడం నా పని కాదు, లోపలివారికి మీరు తీర్చాలి కదా అని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘాన్ని నిలదీశాడు. సంఘ అధ్యక్షుడు ఎలా ఉండాలో చెబుతూ మొదటి తిమోతి 3వ అధ్యాయంలో ‘మద్యపానియు కొట్టువాడును కాక’ అని రాశాడు. మీ తమ్ముడి సంగతి ఆ రెండు మాటల్లోనే ఉంది. అది అధ్యక్షుల గురించి, ట్రెజరర్‌కు వర్తించదని ఎవరైనా లా పాయింట్ తీస్తే, ఆ కిందనే పరిచారకుల గురించి మద్యపానాసక్తులు కాకూడదని ఉన్న వచనం కూడా చూపించండి.

పాస్టర్ గారిని అపార్థం చేసుకోకండి. ఆయన ఇంట్లో బియ్యం ఎవరి కానుకతో వస్తున్నాయో ఆలోచించండి. శ్లాబు వేయించిన మనిషి చేయి వెనక్కి తీసుకుంటే ఆయన నెల గడిచేదెలా? ఆ భయం నిజమైనది. మీరు, మీలాంటి పది కుటుంబాలు కలిసి ‘అయ్యగారూ, ఆరు నెలలు మీ జీతానికి మేం పూచీ’ అని ముందుగా చెప్పి చూడండి. ఆయన చదివే వాక్యాలే మారొచ్చు.

పెద్ద చేయి ఉన్నవాణ్ణి ఆపడం సంఘానికి కొత్తేమీ కాదు. 390వ సంవత్సరంలో రోమా చక్రవర్తి థియొడోసియస్ సైనికులు థెస్సలొనీకలో వేలమందిని ఊచకోత కోశారు. మిలాన్ బిషప్ అంబ్రోస్ వెంటనే వేదికెక్కి అరవలేదు. చక్రవర్తి ఒక్కడే చదవాలని తన చేత్తో ఉత్తరం రాశాడు. పశ్చాత్తాపపడేదాకా నీ ఎదుట బల్ల జరిపించలేనని అందులో తేల్చి చెప్పాడు. చక్రవర్తి రాజవస్త్రాలు పక్కనపెట్టి సంఘం ఎదుట పశ్చాత్తాపపడ్డాడు, ఆ ఏడాది క్రిస్మస్‌కు అతణ్ణి తిరిగి బల్లకు చేర్చుకున్నారు. ముందు రహస్యంగా చెప్పడం, పదవికి జంకకపోవడం, తిరిగొచ్చే తలుపు మూయకపోవడం, మూడూ అక్కడ ఉన్నాయి.

మీ సంఘం తాను వెలివేసిన ఆ అమ్మాయి విషయంలో ఈ మూడింట్లో ఏదీ పాటించలేదని మీ ఉత్తరమే చెబుతోంది. వారం రోజుల్లో ఆమెతో ఎవరు మాట్లాడి ఉంటారు? ఆ పిల్ల విషయంలో పరిశుద్ధత, ట్రెజరర్ విషయంలో ప్రేమ అన్నట్టుంటే, ఊళ్లోని మిగతా పిల్లలు మీ ప్రసంగాలు వినరు, మీ లెక్క చూస్తారు. ఈ కమిటీ కూర్చున్నప్పుడే ఆమె పేరు కూడా తీయండి. ఇంతకాలం ఆమె ఇంటి గడప ఎవరైనా తొక్కారా అని అడగండి.

మరదలు క్షమించేశానంటోంది కదా. క్షమించడం ఆమె సొంత విషయం, దాన్ని శంకించొద్దు. కానీ ట్రెజరర్ కుర్చీ, బల్ల దగ్గర సేవ ఆమె ఇవ్వగలిగినవీ, తీసుకోగలిగినవీ కావు. అవి సంఘానివి. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, మీరు కాదు, మీ భార్య అడగాలి: నువ్వు నిజంగా వదిలేశావా, వదిలేయకపోతే ఏమవుతుందోనని భయమా? ఆ జవాబు వచ్చేదాకా ఆమె మాటను కమిటీలో సాక్ష్యంగా వాడొద్దు. ఆమెకు తెలియకుండా ఏదీ చేయొద్దు కూడా.

నిలబెట్టడం గురించి అడిగారు. మొదటి తిమోతి 5వ అధ్యాయం ప్రకారం పాపంలో కొనసాగే పెద్దను అందరి ఎదుటా గద్దించాలి, కానీ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా నిందను చేర్చుకోకూడదు. కాబట్టి రెండోసారీ వినకపోతే సంఘానికి చెప్పాల్సిందే. చెప్పడం వేరు, తోలు ఒలవడం వేరు. నేనైతే ఇంతే చదివిస్తాను: ‘మన ట్రెజరర్ గారు కుటుంబంలో తీవ్రమైన తప్పు చేసినందువల్ల ఆయన్ని బాధ్యతల నుంచి, బల్ల నుంచి ఆపాం. ఆయన మారాలని ప్రార్థించండి. ఆ సోదరి దగ్గరికి వెళ్లి వివరాలు అడగొద్దు.’ వాచిన మోచేయి గురించి మైకులో చెప్పాల్సిన అవసరం లేదు. చివరి వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి.

అతను తర్వాతి ఆదివారమే లేచి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పొచ్చు. చెప్పనివ్వండి, సంతోషించండి, ట్రెజరర్ తాళాలు మాత్రం ఇవ్వకండి. యేసును కలిసి మారిన సుంకరి జక్కయ్య ఏడ్చాడని ఎక్కడా లేదు, తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు. మీ తమ్ముడి లెక్క ఏమిటంటే: తాగుడుకు వైద్యం మధ్యలో మానకుండా సాగుతోందా, సంఘం డబ్బు పైసాతో సహా అప్పగించాడా, నేను కొట్టాను అని వేరే ఏ సాకూ జోడించకుండా అనగలుగుతున్నాడా, భార్య దూరంగా ఉంటే సణగకుండా పిల్లల ఖర్చు పంపుతున్నాడా. బల్లకు తిరిగి చేర్చుకోవడానికి కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని ఇవి చూడాలి. పదవి సంగతి వేరు. అది ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు, రాకపోయినా అతని ఆత్మ రక్షణకు లోటేమీ లేదు.

ఆపి ఊరుకుంటే అది వెలే అవుతుంది. వారానికి ఒక్కపూటైనా అతనితో కూర్చుని అన్నం తినే మనిషి ఒకరు కావాలి. మందు స్నేహితుడూ కాకూడదు, ప్రతి ముద్దకూ వాక్యం వడ్డించేవాడూ కాకూడదు. శత్రువుగా చూడొద్దు, సహోదరుడిగా బుద్ధి చెప్పండి అని థెస్సలొనీకయులకు పౌలు రాసింది ఇలాంటివాడి గురించే. కొరింథులో బహుశా అలా శిక్ష పడిన ఒకడి గురించే తర్వాత రెండో పత్రికలో రాస్తూ, ఇక చాలు, అధిక దుఃఖంలో మునిగిపోతాడేమో, ఓదార్చండి అన్నాడు. ఆ ‘చాలు’ అనే రోజు మీ కమిటీ కూడా గుర్తుపట్టాలి. మీ అమ్మగారికి నచ్చే భాగం ఇదే, ఆమెకు ఇక్కణ్ణించి చెప్పడం మొదలుపెట్టండి.

సంఘం చీలుతుందా అంటే, కొన్ని కుటుంబాలు అతనితో వెళ్లొచ్చు. మన ఊళ్లలో శుక్రవారం ఆపిన పెద్దను ఆదివారానికి పక్క వీధి సంఘం దండ వేసి పిలుచుకుంటుంది. లేదా అతనే ఒక షెడ్డు వేసుకుని బోర్డు కట్టేస్తాడు. అలా జరిగితే మీ పాస్టర్ గారు ఆ పాస్టర్ గారిని కలిసి, ఇతను ఏ కారణంగా మా దగ్గర ఆగి ఉన్నాడో చెప్పి రావాలి. ఆయన వినకపోతే మీ చేతిలో ఇంకేం లేదు, ఆ చీలిక మీ ఖాతాలోది కాదు. అప్పుడు మీ దగ్గర మిగిలేది మరదలు, పిల్లలు. జూన్‌లో స్కూలు ఫీజులు కట్టాల్సి వస్తుంది, కోర్టుకు తిరగాల్సి వస్తే ఆటో ఖర్చులుంటాయి. తమ్ముణ్ణి ఆపిన తీర్మానం రాసే రోజునే, ఆ పుస్తకంలోనే, వీటికి సంఘం నెలకు ఎంత ఇస్తుందో కూడా రాయించండి.